1/72 స్కేలులో ‘దట్స్ ఆల్, బ్రదర్’: నా సి-47 ప్రాజెక్టు డైరీ

ముందు ఏ విమానమో తేల్చుకోవాలి

అల్మారా మీద ఎప్పటినుంచో పడున్న సి-47 (మనవాళ్లు డకోటా అనే రెండో ప్రపంచ యుద్ధపు రవాణా విమానం) ప్లాస్టిక్ మోడల్ కిట్ ఎట్టకేలకు కిందికి దిగింది. 1/72 స్కేలు. అసలు విమానం రెక్కల కొస నుంచి కొసకి 29 మీటర్ల పైచిలుకు, పొడవు 19.4 మీటర్లు, కాబట్టి బల్ల మీద తయారయ్యేది 40 సెంటీమీటర్ల వెడల్పు, 27 సెంటీమీటర్ల పొడవు. షోకేస్ అరలో పట్టదని కొలవకుండానే తెలుస్తోంది, ఆ సంగతి ఇంట్లో ఇంకా చెప్పలేదు.

డబ్బాలో ఇచ్చిన రంగులు నాకు వద్దు. పది వేలకు పైగా తయారైన విమానాల్లో ఏదో ఒకదాన్ని వేసేసి సరిపెట్టుకునే బదులు, ఇవాళ్టికీ ఉన్నదాన్ని, ఒక మ్యూజియం కష్టపడి దక్కించుకున్నదాన్ని కట్టాలని మొదటినుంచీ ఉంది. మనకి దగ్గరివే రెండు ఉన్నాయి. ఒకటి మన వైమానిక దళం దగ్గరున్న వీపీ905. రాజీవ్ చంద్రశేఖర్ ఇంగ్లాండ్‌లో బాగు చేయించి ఇస్తే 2018లో అక్కడినుంచి ఎగురుకుంటూ వచ్చింది. ఆయన తండ్రి వైమానిక దళంలో డకోటా పైలట్. రెండోది బిజూ పట్నాయక్ కళింగ ఎయిర్‌లైన్స్ డకోటా. కోల్‌కతా విమానాశ్రయంలో దశాబ్దాలు మూల పడి ఉంటే 2023 జనవరిలో ముక్కలుగా విప్పి లారీల మీద భువనేశ్వర్ తీసుకొచ్చారు. మన హైదరాబాదుకీ ఈ విమానంతో చుట్టరికం ఉంది, బేగంపేట నుంచి దక్కన్ ఎయిర్‌వేస్ నడిపినవీ డకోటాలే.

అయినా నేను ఎంచుకున్నది అమెరికాలో టెక్సస్‌లో ఉన్నది. సీరియల్ నంబరు 42-92847, పేరు ‘దట్స్ ఆల్, బ్రదర్’. 1944 జూన్ 5 రాత్రి ఇంగ్లాండ్ నుంచి జర్మన్ల చేతిలో ఉన్న ఫ్రాన్స్‌లోని నార్మండీకి పారాట్రూపర్లని (పారాచూట్లతో దూకే సైనికుల్ని) తీసుకెళ్లిన 800కి పైగా సి-47ల ప్రధాన దండుకి ముందు నడిచిన విమానం ఇదే. దిగే చోట గుర్తులు పెట్టేవాళ్లని మోసిన పాత్‌ఫైండర్ విమానాలు కొన్ని ఇంకాస్త ముందే వెళ్లాయి గానీ ఆ తర్వాత కదిలిన అసలు దండుకి ముందున్నది ఇది. అలాంటి విమానం డెబ్బై ఏళ్ల తర్వాత విస్కాన్సిన్‌లో ఒక యార్డులో, ఎవరికీ పట్టకుండా, రెండుగా కోసి పొడుగు పెంచే మార్పుకి తన వంతు కోసం చూస్తూ దొరికింది. అది ఎలా దొరికిందన్న కథే నన్ను ఈ కిట్ వైపు లాగింది.

మన వీపీ905ని పక్కన పెట్టడానికి కారణం కూడా చెప్పాలి, లేకపోతే కామెంట్లలో తిడతారు. 1947 అక్టోబర్ 27న ఒకటో సిఖ్ బెటాలియన్ జవాన్లని శ్రీనగర్‌లో దింపిన మొదటి డకోటా నంబరు వీపీ905. ఇప్పుడున్నది ఆ విమానం కాదు, దాని గౌరవార్థం ఆ నంబరు పెట్టుకున్న ఇంకో విమానం. ఆ సంగతి వాళ్లు దాచలేదు, నాకు అందులో తప్పూ కనబడదు. కానీ ఈసారి ఏ లోహం ఆ రాత్రి గాల్లో ఉందో ఆ లోహమే ఇవాళా ఉండాలి అనుకున్నాను.

లోపలి భాగం

కాక్‌పిట్, సైనికుల క్యాబిన్ అయిపోయాయి. జింక్ క్రోమేట్ ఆకుపచ్చ మీద సన్నగా వాష్, అంటే బాగా పలచన చేసిన రంగు. మూత వేసేశాక ఇందులో తొంభై శాతం కనబడదు, అయినా ఎందుకు చేస్తామో ఈ పిచ్చి ఉన్నవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

సి-47ని మామూలు డీసీ-3 ప్రయాణికుల విమానం నుంచి వేరు చేసేది ముఖ్యంగా ఎడమవైపు వెనకాల ఉండే ఆ పెద్ద జంట తలుపు. జీపు ఎక్కించేంత వెడల్పు. నేల కూడా బరువు మోయడానికి గట్టిపరిచి ఉంటుంది. పారాట్రూపర్లు దూకే రోజు ఆ తలుపు రెక్కలు పీకేసి ఇంట్లోనే వదిలి వెళ్తారు, గుమ్మం అంచులకి టేపు అంటిస్తారు, పారాచూట్‌ని తెరిచే తాడు ఎక్కడా రాసుకుని తెగకుండా. కాబట్టి నా మోడల్‌కి తలుపు లేదు. ఖాళీ గుమ్మంలోంచి లోపలి బెంచీలు, పైన పొడుగ్గా వెళ్లే ఉక్కు కేబుల్ కనబడాలి. ఆ కేబుల్‌కే ఒక్కొక్కరూ తమ కొక్కెం తగిలించుకుంటారు. కిట్‌లో కేబుల్ లేదు. స్ప్రూని (కిట్ ముక్కలు అంటుకుని వచ్చే ప్లాస్టిక్ చట్రాన్ని) కొవ్వొత్తి మంట మీద సాగదీసి దారంలా చేసి అంటించాను. గుమ్మం పక్కన ఎరుపు, ఆకుపచ్చ దీపాలకి రెండు చుక్కల రంగు.

కిటికీల మధ్యలో చిన్న గుండ్రటి రంధ్రాలుంటాయి, లోపలినుంచి రైఫిల్ పెట్టి కాల్చుకోవడానికట. శత్రు ఫైటర్ వెంటపడుతుంటే రవాణా విమానం కిటికీలోంచి రైఫిల్ గురి చూడటం ఏ మహానుభావుడి ఆలోచనో గానీ, మోడల్ కట్టేవాడికి మాత్రం శిక్ష. పారదర్శక ప్లాస్టిక్‌కి పిన్ వైస్ అనే చేతి డ్రిల్లుతో అర మిల్లీమీటర్ బిట్ పెట్టి, చేత్తోనే మెల్లగా తిప్పుతూ. కరెంటు డ్రిల్లు పెడితే ప్లాస్టిక్ కరిగి తెల్లబడుతుంది, ఎవరూ ఆ పని చేయకండి.

మా అక్క కొడుకు ఆస్టిన్‌లో ఉంటాడు. ఈ విమానం ఉండే శాన్ మార్కస్ అక్కడికి దగ్గరే. ‘ఒరేయ్, వారాంతంలో ఖాళీ ఉంటే ఓసారి వెళ్లి గుమ్మం దగ్గర ఫోటోలు తీసి పెట్టరా’ అంటే మొదట ‘మామయ్యా, గూగుల్‌లో బోలెడున్నాయి కదా’ అన్నాడు. ఉన్నవన్నీ బయటినుంచి అందంగా తీసినవి, నాకు కావలసింది గుమ్మం కింది అంచు, తోక చక్రం వెనకవైపు, ఇంజిన్ల కింద నూనె జాడలు. వెళ్తాడట.

పేరూ నంబరూ ఎలా కలిశాయంటే

ఫ్యూజలేజ్ (రెక్కలు కాకుండా విమానం ఒళ్లు) రెండు సగాలూ అతికించి రబ్బరు బ్యాండ్లు వేసి పెట్టాను, ఆరేలోపు ఈ కథ రాసేస్తాను.

ఆ రాత్రి ఈ విమానం నడిపింది లెఫ్టినెంట్ కర్నల్ జాన్ డోనల్సన్, 438వ ట్రూప్ క్యారియర్ గ్రూపు కమాండర్. గ్రీన్‌హామ్ కామన్ అనే ఎయిర్‌ఫీల్డ్ నుంచి బయల్దేరారు. విమానం ముక్కు మీద రాసిన పేరు హిట్లర్‌కి కబురు: ఇంక చాలు తమ్ముడూ, నీ పని అయిపోయింది అని. డోనల్సన్ అలబామావాడు. చాలా ఏళ్ల తర్వాత అలబామా ఎయిర్ నేషనల్ గార్డ్‌లో పనిచేసే మ్యాట్ స్కేల్స్ అనే ఆయన డోనల్సన్ గురించి పరిశోధిస్తూ పాత కాగితాలు తిరగేస్తుంటే, అసలు ఆయన నడిపిన విమానం ఏమైంది అనే ప్రశ్న వచ్చింది. సీరియల్ నంబరు దొరికింది. ఆ నంబరు పట్టుకుని ఒక యజమాని నుంచి ఇంకో యజమానికి, కాగితం నుంచి కాగితానికి వెళ్తే, విమానం ఇంకా ఉందని తేలింది! యుద్ధం అయ్యాక 1945లో మిగులు సామానుగా అమ్మేస్తే, చేతులు మారుతూ మారుతూ దశాబ్దాల పాటు మామూలు ఎగిరే బండిగా పని చేసుకుంటూ వచ్చింది. ముక్కు మీద పేరు ఎప్పుడో రంగుల కింద పోయింది. కొన్నవాళ్లకి, అమ్మినవాళ్లకి, నడిపినవాళ్లకి అది ఏ విమానమో తెలియదు.

చివరికి చేరింది విస్కాన్సిన్‌లో ఆష్‌కాష్ అనే ఊళ్లోని బాస్లర్ కంపెనీ యార్డుకి. పాత డీసీ-3లని, సి-47లని తీసుకుని బీటీ-67 అనే కొత్త విమానాలుగా మార్చడమే ఆ కంపెనీ పని. పిస్టన్ ఇంజిన్లు తీసేసి టర్బోప్రాప్‌లు పెడతారు, రెక్కల ముందు ఫ్యూజలేజ్‌ని కోసి మధ్యలో ఒక మీటరు ముక్క కలుపుతారు. అంటార్కిటికాలో మంచు మీద దిగే డీసీ-3లు చూశారే, అవి ఈ రకమే. మంచి ఇంజినీరింగు, దాన్ని నేనేమీ అనను. తొంభై ఏళ్ల కిందటి డిజైన్ ఇవాళ్టికీ జీతం సంపాదిస్తోందంటే అలాంటి పనుల వల్లే. కానీ ఈ ఒక్క విమానం ఆ వరసలో ముందుకి జరిగి ఉంటే, 1944 నాటి ఫ్యూజలేజ్ కోతలో ఉండేది, తర్వాత ఎవరు నంబరు కనిపెట్టినా చేసేదేమీ ఉండేది కాదు.

కమెమొరేటివ్ ఎయిర్‌ఫోర్స్ అనే స్వచ్ఛంద సంస్థ రంగంలోకి దిగింది. వీళ్లది గాజు తలుపుల వెనక పెట్టే మ్యూజియం కాదు, పాత యుద్ధ విమానాలని ఎగిరేలా ఉంచే మ్యూజియం. 2015లో జనం దగ్గర చందాలు పోగుచేసే కిక్‌స్టార్టర్ వెబ్‌సైట్‌లో 75 వేల డాలర్లు అడిగితే జనం మూడు లక్షలకి పైగా ఇచ్చారు. పేరులేని ఇంకో సి-47 కోసం అడిగి ఉంటే అందులో పదో వంతు వచ్చేదా అని నా అనుమానం. ఆ యార్డులో అలాంటివే ఇంకా ఉన్నాయి, అన్నీ యుద్ధంలో పనిచేసినవే. వాటి నంబర్లని ఎవరూ వెతకలేదు, అంతే తేడా.

నాకు ఇందులో నచ్చిందీ, కాస్త ఇబ్బంది పెట్టిందీ రెండూ ఇదే. మ్యూజియం ఒక విమానాన్ని కొన్నప్పుడు అది లోహం కంటే ముందు ఒక నంబరుని కొంటుంది. రివెట్లు మార్చొచ్చు, రేకు మార్చొచ్చు, ఇంజిన్లు ఎలాగూ మారుతూనే ఉంటాయి. ఆ నంబరు నుంచి ఆ రాత్రి దాకా తెగకుండా కాగితాల దారి ఉంటే చాలు.

రెక్కలు

కిట్‌లో రెక్క కింది సగం ఒకే ముక్క, మధ్య భాగంతో సహా. అసలు దానిలో అలా కాదు: మధ్య భాగం ఫ్యూజలేజ్‌తో ఒకటిగా ఉంటుంది, ఇంజిన్లు దానికే ఉంటాయి, బయటి రెక్కలు వందల బోల్టులతో దానికి బిగిస్తారు. డకోటాలని లారీల మీద ఊళ్లు దాటించగలుగుతున్నారంటే ఈ ఏర్పాటు పుణ్యమే. బోస్నియాలో సారాయెవో దగ్గర వదిలేసిన ‘స్నాఫు స్పెషల్’ అనే సి-47ని ఫ్రాన్స్‌లో మెర్విల్ మ్యూజియంవాళ్లు 2007లో విప్పి రోడ్డు మీదే తీసుకెళ్లారు. అది కూడా నార్మండీ రాత్రి ఎగిరిందే. మెర్విల్ విమానం ఇంక ఎగరదు, దానికి రెక్కలు నిలబడితే చాలు. టెక్సస్ విమానం ఎగరాలి. ఆ ఒక్క తేడాతో పని పూర్తిగా వేరైపోతుంది. ఎగరాలంటే ప్రతి బోల్టూ తీసి చూడాలి, తుప్పు ఉన్న చోటల్లా రేకు మార్చాలి, అంటే పాత లోహం కొంత పోవాలి. కదలకుండా పెట్టేవాళ్లు తుప్పుతో సహా కాపాడుకోవచ్చు. నేను ఎగిరేవాళ్ల పక్షమే, కానీ రెండో పక్షంవాళ్లు మూర్ఖులు కారు.

ఆ బోల్టుల వరసని కప్పే పట్టీ రెక్క మీద స్పష్టంగా కనబడుతుంది. కిట్‌లో దాన్ని గీతతో సరిపెట్టారు. సన్నటి ప్లాస్టిక్ పట్టీ కోసి అంటించాను, ఎమ్రీ పేపరుతో అంచులు మెత్తన చేశాను. రెక్క, ఫ్యూజలేజ్ కలిసే చోట సందు పుట్టీతో నింపాల్సి వచ్చింది. ఏ కంపెనీ కిట్ అని అడక్కండి, పాతికేళ్లుగా అన్ని కంపెనీలకీ ఇక్కడ పుట్టీ వాడుతూనే ఉన్నాను.

ఐలెరాన్లు, ఎలివేటర్లు, రడ్డర్ (విమానాన్ని తిప్పడానికి రెక్కల మీద, తోక మీద కదిలే భాగాలు) అసలు దాంట్లో గుడ్డతో కప్పి ఉంటాయి. కిట్‌లో ఆ గుడ్డ లోపలికి కుంగినట్టు మరీ ఎక్కువ చెక్కారు. కొత్త గుడ్డ అంత కుంగదు. గీకి తగ్గించాను.

ఇంజిన్లు, చక్రాలు

ప్రాట్ అండ్ విట్నీ ఆర్-1830 ట్విన్ వాస్ప్, రెండు వరసల్లో పద్నాలుగు సిలిండర్లు, ఒక్కోటి 1200 హార్స్‌పవర్. కిట్‌లో రెండు వరసలూ వేరువేరుగా ఇచ్చారు, బాగుంది. ఇగ్నిషన్ తీగలు ఫోను ఛార్జర్‌లోంచి లాగిన సన్నటి రాగితీగతో చేశాను. ప్రొపెల్లర్ మూడు రెక్కలూ నలుపు, కొసలు పసుపు. తిరగే ప్రొపెల్లర్ అంచు ఎక్కడుందో మనిషి కంటికి తెలియడానికి ఆ పసుపు.

సిలిండర్లు గుండ్రంగా అమర్చిన ఈ రేడియల్ ఇంజిన్లలో ఆగి ఉన్నప్పుడు నూనె కింది సిలిండర్లలోకి దిగుతుంది. అందుకే స్టార్ట్ చేసేముందు మనుషులు ప్రొపెల్లర్‌ని చేత్తో తోస్తూ తిప్పుతారు. చూడకుండా స్టార్టర్ కొడితే ఎక్కడానికి చోటులేని పిస్టన్ కనెక్టింగ్ రాడ్‌ని వంచేస్తుంది. నా డయోరామాలో (మోడల్ చుట్టూ బొమ్మలతో కట్టే దృశ్యంలో) ఒక మెకానిక్ ఆ పని చేస్తుంటాడు.

చక్రాలు కిందికే. గాల్లో ఉన్నట్టు స్టాండు మీద పెడితే చక్రాలు సగం బయటికే ఉండాలని గుర్తుంచుకోండి, సి-47లో చక్రాలు పూర్తిగా లోపలికి పోవు. ఎప్పుడైనా గేర్ దిగకుండా నేల మీద వాలాల్సి వస్తే ఆ సగం చక్రాల మీదే జారుతుంది. తోక చక్రం విమానం కాబట్టి ముక్కులో బరువు పెట్టే టెన్షన్ ఎలాగూ లేదు.

రంగు: అందరూ చేసే పనే నేనూ చేయబోయి ఆగాను

పైన ఆలివ్ డ్రాబ్ (మట్టి కలిసిన ఆకుపచ్చ), కింద న్యూట్రల్ గ్రే. ముసురు పట్టి గాలిలో తేమ ఎక్కువగా ఉంది, ఎయిర్‌బ్రష్ పని వాయిదా. బాల్కనీలో కొడదామంటే కింది ఫ్లాటువాళ్లు థిన్నర్ వాసన అని పోయినసారే గొడవ పెట్టారు.

ఈలోపు ఆలోచించుకుంటే ఒకటి తట్టింది. యుద్ధ విమానం అనగానే మన చేయి ఆటోమేటిక్‌గా వెలిసిన రంగు, పెచ్చులు, మసి, బురద వైపు వెళ్తుంది. ఫోరాల్లో పొగడ్తలు కూడా వాటికే. కానీ 42-92847 నంబరులో 42 అంటే 1942 ఆర్థిక సంవత్సరం బడ్జెట్ కింద ఇచ్చిన ఆర్డర్, విమానం ఓక్లహోమా సిటీలో డగ్లస్ ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చింది 1944లో. సైన్యానికి అందిన కొద్ది నెలలకే ఇంగ్లాండ్‌లో, జూన్ మొదటి వారంలో నార్మండీ మీద. అంటే ఆ రాత్రి అది దాదాపు కొత్త బండి! సీట్ల కవర్లు తీయని కారు లాంటిది. ఎండకి వెలిసేంత సమయమే లేదు. దాన్ని పాతదానిలా చేసింది యుద్ధం కాదు, తర్వాత వచ్చిన డెబ్బై ఏళ్ల శాంతి.

అందుకని ఆలివ్ డ్రాబ్ చదునుగా, కాస్త ముదురుగానే ఉంచుతున్నాను. ఇంజిన్ల వెనక పొగ జాడ కొద్దిగా, గుమ్మం దగ్గర బూట్ల రాపిడి కొద్దిగా, అంతే. నా వైజాగ్ మిత్రుడు ఫోటో చూసి ‘అన్నా, షోరూం నుంచి తెచ్చినట్టుంది, కొంచెం మురికి పుయ్యి’ అన్నాడు. పుయ్యను తమ్ముడూ.

మ్యూజియంవాళ్లు కూడా చేసింది ఇదే కదా అనిపించింది. పాత విమానాన్ని తీసుకుని కొత్తగా చేశారు, చాలామందికి అది అబద్ధంలా కనబడుతుంది. కానీ వాళ్లు చూపిస్తున్న రోజున అది కొత్తదే. ఎన్నో ఏళ్లు సరుకులు మోసిన రోజుల్ని దాచేశారు, అది మాత్రం నిజం. ఆ రోజుల విలువ ఎంతో తెలియని మ్యూజియం కాదు గానీ, ఒకే రేకు మీద రెండు కాలాల రంగు వేయలేరు.

చారలు

ముసురు వదిలింది. బేస్ రంగులు అయిపోయాయి. ఇప్పుడు అసలైన పని: ఇన్వేజన్ చారలు.

ఇవి ఎందుకో కాస్త వెనక్కి వెళ్లి చెప్పాలి. 1943 జులై 11 రాత్రి సిసిలీలో 144 రవాణా విమానాలు పారాట్రూపర్లతో వస్తుంటే, కింద ఉన్న సొంత నౌకలూ, సొంత సైన్యం తుపాకులూ శత్రువులనుకుని కాల్చాయి. 23 విమానాలు కూలిపోయాయి, ఇంకో 37 దెబ్బతిన్నాయి. అది జరిగిన ఏడాదికి నార్మండీ. ఈసారి సముద్రం నిండా వేల నౌకలు, ఒక్కోదాని మీద భయంతో ఉన్న తుపాకీవాళ్లు. అందుకని నాలుగు ఇంజిన్ల బాంబర్ల లాంటివి తప్ప మిత్రదేశాల విమానాల్లో చాలావాటికి రెక్కల మీద, తోక ముందు, మూడు తెలుపు రెండు నలుపు చారలు. ముందే వేస్తే జర్మన్లు చూసి నకలు చేస్తారని చివరి రెండు మూడు రోజుల దాకా ఆదేశమే ఇవ్వలేదు. ఆదేశం వచ్చాక వేల విమానాలకి ఒక్కసారిగా రంగు. చేతికి దొరికిన బ్రష్షు, చీపురు, ఏదైతే అది.

రెండు ఇంజిన్ల విమానాలకి ఒక్కో చార వెడల్పు 24 అంగుళాలు. 1/72లో ఎనిమిదిన్నర మిల్లీమీటర్లు. రెక్క మీద ఇంజిన్ గూడు నుంచి ఇంకో 24 అంగుళాలు వదిలి మొదలవ్వాలి. కిట్ డెకాల్స్‌లో (నీళ్లలో తడిపి అంటించే బొమ్మల్లో) చారలు ఇచ్చారు, అంచులు కత్తితో కోసినంత నిటారుగా. అవి నాకొద్దు. మాస్కింగ్ టేపు కూడా వద్దు. సన్నగా పెన్సిల్ గీతలు గీసుకుని, ముందు తెలుపు వెడల్పుగా బ్రష్షుతో వేసి, ఆరాక దాని మీద నలుపు. తెలుపు ఒక్క పూతలో కప్పదు, కింద ఆలివ్ డ్రాబ్ తొంగిచూస్తుంది. రెండో పూత వేయలేదు. ఆ రోజుల ఫోటోలు చూస్తే తెలుపు కూడా అక్కడక్కడా పలచగానే ఉంది, వాళ్లకీ రెండో పూతకి టైం లేదు.

చిక్కల్లా ఎంత వంకర వేయాలన్నదే. అసలు విమానంలో రెండంగుళాల వంకర మన స్కేలులో 0.7 మిల్లీమీటరు. చేయి వణికితే ఆ స్కేలులో అడుగు వంకరవుతుంది, అంత వంకర ఏ ఎయిర్‌మనూ వేయడు. కాబట్టి తొందరలో వేసినట్టు కనబడాలంటే నేను తొందరపడకూడదు. ఎడమ రెక్క బాగా వచ్చింది. ఫ్యూజలేజ్ మీద గుండ్రంగా తిప్పేటప్పుడు కింది భాగంలో చారలు ఒకదానికొకటి కలవవు, అసలు వాటిలోనూ చాలావాటికి కలవలేదు, వదిలేశాను.

తమాషా ఏంటంటే, మొత్తం మోడల్‌లో పాతగా, గజిబిజిగా కనబడే ఈ చారలే ఆ విమానం మీద అన్నిటికంటే కొత్త రంగు. రెండు రోజుల వయసు కూడా లేదు.

అక్షరాలు, అంకెలు

తోక మీద పసుపు అంకెలు. అమెరికన్లు ఏడాదిలో మొదటి అంకె వదిలేసి రాసేవాళ్లు, కాబట్టి 42-92847 కాస్తా తోక మీద 292847. ఇంట్లో లేజర్ ప్రింటరుతో డెకాల్ పేపరు మీద కొట్టుకుందామంటే పసుపుని ముదురు రంగు మీద నిలబెట్టేంత ఘాటు రాదు, తెలుపైతే ప్రింటరు కొట్టనే కొట్టదు. ప్రింటింగ్ ప్రెస్సుల చుట్టూ తిరిగే ఓపిక లేదు. ముందు తెల్లటి డెకాల్ షీటు మీద పసుపు కొట్టి ఒక్కో అంకెనీ కత్తిరిద్దామనుకున్నాను, అంచుల్లో తెలుపు కనబడుతుందని మానేశాను. చివరికి స్టిక్కర్ కటింగ్ షాపులో సన్నటి వినైల్ స్టెన్సిల్ కోయించాను. ఆ కుర్రాడు బైకు నంబరు ప్లేట్లు చేస్తాడు, ఇంత చిన్నది ఎప్పుడూ కోయలేదట. ‘అన్నా, ఏ బండి నంబరు ఇది, స్టేట్ కోడ్ లేదేంటి?’ అని అడిగాడు. చెప్పాను. ఫోనులో విమానం ఫోటో చూసి డబ్బులు తగ్గించుకున్నాడు.

మెషీను చేతనైనంత చేసింది, 8 లోపలి రెండు రంధ్రాలూ మాత్రం నేనే బ్లేడుతో తీశాను. స్పాంజితో పసుపు అద్ది, ఆరకముందే స్టెన్సిల్ ఎత్తేస్తే అంచులు శుభ్రంగా వచ్చాయి. ఈ ఆరు అంకెలు తప్పుగా వస్తే మిగతా మోడల్ ఎంత బాగున్నా నాకు లెక్కలోకి రాదు, అందుకే దీనికే ఎక్కువ టైం పట్టింది.

ముక్కు మీద ఎడమవైపు పేరు మాత్రం సన్నటి బ్రష్షుతో చేత్తోనే, తెలుపులో. చేతిరాతే కదా, స్టెన్సిల్ పెడితే చచ్చిపోతుంది. తప్పొచ్చినప్పుడల్లా తడి బడ్స్‌తో తుడిచి మళ్లీ.

శాన్ మార్కస్ నుంచి ఫోటోలు

మేనల్లుడు వెళ్లొచ్చాడు. బోలెడు ఫోటోలు, అందులో సగం సెల్ఫీలు. మిగతావి బంగారం. ‘మామయ్యా, వెనక గుమ్మంలోంచి ఎక్కి కాక్‌పిట్ వైపు నడవాలంటే ఎత్తుకి ఎక్కాలి, ఖాళీ చేతులతోనే కాళ్లు పట్టేశాయి. వాళ్లు అంత బరువు కట్టుకుని ఎలా ఎక్కార్రా బాబూ’ అని వాయిస్ మెసేజ్. పారాట్రూపర్ ఒంటి మీద పారాచూట్లు, ఆయుధం, గుళ్లు, తిండి అన్నీ కలిపి అతని బరువులో సగానికి తక్కువుండదు. చాలామందిని వెనకనుంచి తోసి ఎక్కించాల్సి వచ్చేది. డయోరామాలో గుమ్మం దగ్గర ఒకణ్ణి ఇద్దరు తోస్తుంటారు, అది ఇప్పుడే ఖాయం చేశాను.

ఇంకో సంగతి పంపాడు. విమానం ఎగరగలదు కాబట్టి డబ్బు కట్టినవాళ్లని ఎక్కించుకుని తిప్పుతారు, ఆ డబ్బుతోనే ఇంధనం, నూనె, మరమ్మతులు. బాగు చేసిన తర్వాత మొదటిసారి ఎగిరింది 2018 జనవరి 31న, ఆష్‌కాష్‌లోనే. 2019లో నార్మండీ 75 ఏళ్ల వేడుకలకి మరికొన్ని డీసీ-3, సి-47లతో కలిసి అట్లాంటిక్ దాటింది: కెనడాలో గూస్ బే, గ్రీన్‌లాండ్, ఐస్‌లాండ్, స్కాట్లాండ్ మీదుగా. అంత పాత విమానాన్ని ఆ చలి సముద్రం మీద ఎందుకు పంపడం అని గొణిగినవాళ్లూ ఉన్నారు. ఒక్క ఇంజిన్ మొరాయిస్తే చాలు, తిరిగిరాని వస్తువు పోతుంది. వాళ్ల మాటలో న్యాయముంది. ప్రయాణం సజావుగా జరిగింది కాబట్టి ఇవాళ మనం ధైర్యం అంటున్నాం.

ఫోటోల్లోంచి నాకు ఉపయోగపడినవి: తోక చక్రం ఫోర్కు ఆకారం (కిట్‌లో ఉన్నది మరీ లావు, గీకాను), గుమ్మం కింది అంచు మందం, ఇంజిన్ కింద నూనె గీతలు పడే తీరు. నూనె గీతలు మాత్రం ఎంత కొత్త విమానానికైనా వేయొచ్చు, రేడియల్ ఇంజిన్ కారకపోతే నూనె అయిపోయిందని అర్థం అంటారు మెకానిక్కులు.

బేస్

గ్రీన్‌హామ్ కామన్, 1944 జూన్ 5 సాయంత్రం. మిత్రదేశాల సుప్రీం కమాండర్ ఐసెన్‌హోవర్ ఆ సాయంత్రం అక్కడికే వచ్చి ముఖానికి మసి పూసుకున్న 101వ డివిజన్ కుర్రాళ్లతో మాట్లాడాడు. ఆయన బొమ్మ పెట్టడం లేదు, పెడితే అందరి చూపూ ఆయన మీదికే పోతుంది, నా విమానాన్ని ఎవరు చూస్తారు?

వెలుతురు గురించి ఒక లెక్క చూసుకోవాల్సి వచ్చింది. రాత్రి పదకొండుకి కాస్త ముందు టేకాఫ్ అంటే మనకి చిమ్మచీకటి అనిపిస్తుంది. కానీ యుద్ధకాలంలో ఇంగ్లాండ్ గడియారాలని ఎండాకాలం రెండు గంటలు ముందుకి తిప్పింది, పైగా జూన్ నెల, ఉత్తరాన ఉన్న దేశం. పదిన్నర దాటినా సంజ వెలుగు ఉంటుంది. కాబట్టి నేల మీద నల్లటి వాష్ వద్దు, చల్లటి బూడిద రంగు. కాంక్రీటు పలకలు కార్క్ షీటు మీద గీసి, సందుల్లో గడ్డి.

సైనికుల బొమ్మలు మెత్తటి ప్లాస్టిక్‌వి, రంగు పట్టవు. సబ్బునీళ్లలో కడిగి, ప్రైమర్‌గా నీళ్లు కలిపిన ఫెవికాల్ పూస్తే పట్టింది. ముఖాలకి మసి వేయాలి.

మిగిలినవి

పైన యాంటెన్నా తీగ, మ్యాట్ వార్నిష్, ఎడమ ప్రొపెల్లర్ అతకడం. ప్రొపెల్లర్ తోసే మెకానిక్ చేతులు బ్లేడుకి అందడం లేదు, భుజాల దగ్గర కోసి తిప్పాలి. అక్రిలిక్ పెట్టె కోసం బేగంబజార్‌లో ఒక షాపులో కొలతలిచ్చాను: 48 బై 36, ఎత్తు 16 సెంటీమీటర్లు. షోకేస్‌లో పట్టదన్న సంగతి ఇంట్లో తెలిసిపోయింది, ఫ్రిజ్ మీద పెట్టుకోమని తీర్పు వచ్చింది. ఫ్రిజ్ మీద వేడికి డెకాల్స్ లేస్తాయేమో, ఎవరికైనా అనుభవం ఉంటే చెప్పండి.